ఉండుండి వచ్చిపోయే పుల్లింగ్ జబ్బు గారికి బహిరంగ లేఖ

మోకిల,
శంకర్‌పల్లి మండలం, రంగారెడ్డి జిల్లా.

మహారాజశ్రీ పుల్లింగ్ జబ్బు గారికి,

ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయడం పెద్దలు నేర్పిన మర్యాద. మన విషయంలో అది కుదరదు. మీరు కులాసాగా ఉన్నన్నాళ్లూ నా బండి కులాసాగా ఉండదు. బండి బాగున్న రోజు మీ జాడ ఉండదు. కనుక నేరుగా విషయానికి వస్తాను.

మీరు మకాం పెట్టిన బండి సంగతి మీకు చెప్పనక్కర్లేదు గానీ, ఇది నలుగురూ చదివే ఉత్తరం కాబట్టి వారి కోసం నాలుగు మాటలు. అది 1948 నాటి ఎంజీ టీసీ. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లోని ఆబింగ్డన్ కార్ఖానాలో 1945 నుంచి 1949 దాకా ఇలాంటివి సుమారు 10 వేలు తయారయ్యాయి. రెండే సీట్లు, మడిచిపెట్టుకునే గుడ్డ టాపు, సన్నటి ఊచల చక్రాలు, కర్ర చట్రం మీద రేకు బిగించిన బాడీ. ఇంజిన్ 1250 సీసీ, బలం 54 గుర్రాలు. పెట్రోలు ఎంత ఉందో చూపే ముల్లు లేదు. అడుగంటుతోందని చెప్పడానికి ఒక చిన్న దీపం ఉంది, అంతే. బంకులో కుర్రాళ్లు ముందున్న ఎంజీ అక్షరాలు చూసి "అంకుల్, ఇది హెక్టర్‌కు తాతనా?" అని అడుగుతుంటారు. ఆ పేరు చేతులు మారి మారి చైనా సంస్థకు చేరిందనీ, ఇప్పుడు ఆ పేరుతో గుజరాత్‌లోని హాలోల్‌లో హెక్టర్ లాంటి కార్లు తయారవుతున్నాయనీ ఓపిగ్గా చెబుతుంటాను. ఈ బండి మా నాన్నగారిది. చిన్నప్పుడు సీట్ల వెనక సామాను పెట్టే ఇరుకు జాగాలో కూర్చుని గండిపేట చూసినవాణ్ణి నేను. ఇది నాకు ఇనుప సామాను కాదు.

ఇంత పాత బండిని రోజూ రోడ్డెక్కించడానికి వీల్లేదని మీకూ తెలుసు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లను వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తారు. నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయల రుసుము. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే నడపాలి. అంటే ఏడాదిలో మాకు దక్కేవి కొన్ని ఉదయాలు. ఆ కొన్ని ఉదయాల మీదే మీ కన్ను పడింది.

మీకు నేను తక్కువ చేసిందేమీ లేదు. మీరు ఇగ్నిషన్ కాయిల్లో ఉన్నారన్న అనుమానం వస్తే కొత్త కాయిల్ తెచ్చాను. కండెన్సర్ వేడెక్కితే మొరాయిస్తుందేమోనంటే కండెన్సర్ మార్పించాను. పాయింట్లు, ప్లగ్గులు, ప్లగ్గు వైర్లు, డెల్కో మూత, అన్నీ పుత్లీబౌలి దుకాణాల్లో గాలించి కొన్నవే. అక్కడ దొరకనివి విదేశం నుంచి తెప్పించాను. కొత్త వస్తువు బిగించిన ప్రతిసారీ ఆ పూటకు మర్యాదగా తప్పుకునేవారు. బాగైపోయిందని అనుకునేదాకా ఆగి, మళ్లీ దారి మధ్యలో ఎదురయ్యేవారు. నేనిచ్చినదల్లా పుచ్చుకుని ఇల్లు మాత్రం ఖాళీ చేయలేదు.

మీ నడవడిక ఎలాంటిదో పాఠకులకు చెప్పాలి. మోకిలలో బయల్దేరేటప్పుడు బండి చక్కగా ఉంటుంది. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. జన్వాడ దాటేదాకా ఇంజిన్ శబ్దంలో ఎక్కడా తేడా ఉండదు. ఖానాపూర్ దాటి గండిపేట వైపు చిన్న ఎత్తు వస్తుంది చూడండి, అక్కడ మీరు మేలుకుంటారు. యాక్సిలరేటర్ తొక్కితే పుల్లింగ్ ఉండదు, బండి గుంజదు. ఇంకాస్త తొక్కితే కార్బొరేటర్లు రెండూ ఛట్ ఛట్ మని దగ్గుతాయి. అరవైలో పోయే బండి నలభైకి, ఇరవైకి జారుతుంది. వెనక హారన్ల మోత. పక్కకు తీసి, బానెట్ ఎత్తి, కాసేపు నిలబడితే చాలు, ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. తిరిగి ఇంటిదాకా ఒక్క దగ్గు ఉండదు.

పూర్తిగా చెడిపోయే జబ్బును నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. కాయిల్ కాలిపోతే కాలిపోయిందని తెలుస్తుంది, గాస్కెట్ పోతే పొగ చెబుతుంది. అవి వచ్చి కూర్చుంటాయి, మెకానిక్ చేతికి దొరుకుతాయి, వైద్యం చేయించుకుని పోతాయి. మీరు అలా కాదు. రోడ్డు మీద ఉంటారు, షెడ్డులో ఉండరు.

మీరు చేసిన వాటన్నిటిలో నేను క్షమించలేనిది మా మెకానిక్ ఉస్తాద్ విషయం. ఆయన పాతబస్తీ మనిషి. హెరాల్డ్‌లు, ఫియట్‌లు, అంబాసిడర్లు, పాత జీపులు చేసి చేసి చేతులు నల్లబడ్డవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఏ వాల్వ్ దగ్గర చప్పుడు తేడాగా ఉందో చెప్పగలవాడు. అలాంటి మనిషి ముందు బండిని పెడితే మీరు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఆయన పక్క సీట్లో కూర్చుని చేవెళ్ల దాకా వస్తే దారంతా మంచితనం నటించారు. "సాబ్, బండి ఫస్ట్ క్లాస్ ఉన్నది" అని ఆయన దిగి వెళ్లాక అదే సాయంత్రం నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టారు. దాంతో మా వాళ్లే "ఉస్తాద్‌కు వయసైపోయింది, ఇక ఆయన వల్ల కాదు" అనడం మొదలుపెట్టారు. నలభై ఏళ్లకు పైగా కట్టుకున్న పేరును, దాక్కోవడం తప్ప ఏమీ చేతకాని మీరు దెబ్బతీశారు. ఆయన మాత్రం మీ మీద కోపం తెచ్చుకోలేదు. "దొరికేదాకా ఒక్కటే మార్చాలె సాబ్, రెండు మార్చొద్దు. రెండు మారిస్తే ఏదాంతోటి బాగైందో మనకే తెల్వది" అన్నాడు. మిమ్మల్ని పట్టుకున్న సూత్రం అదే.

ఇది సరదా మనుషుల గొడవ అనుకునేవాళ్లకు ఒక మాట. చేవెళ్ల రోడ్డు మీద పోయేవారెవరూ అలా అనుకోరు. వందలాది మర్రిచెట్లు అటూ ఇటూ నిలబడ్డ దారి అది. నీడ చల్లన, రోడ్డు ఇరుకు. కంకర టిప్పర్లు, కూరగాయల ట్రాలీలు, తాండూరు బస్సులు, వికారాబాద్ కొండలకు పోయే కార్లు, అన్నీ ఆ ఇరుకులోనే. 2025 నవంబర్‌లో చేవెళ్ల మండలంలోనే బస్సూ కంకర టిప్పరూ ఢీకొని ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. అలాంటి రోడ్డు మీద, ట్రాలీని దాటుతూ ఎదురుగా లైట్లు కనబడుతున్న క్షణంలో, కాలి కింద పుల్లింగ్ లేకుండా పోతే ఏమవుతుందో మీరు ఒకసారి నాకు చూపించారు. ఆ రోజు ట్రాలీ నడిపే రైతు బ్రేకు వేసి దారి ఇచ్చాడు కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. ఆ రోజుతోనే మీ మీద నాకున్న ఓర్పు పోయింది.

అప్పటినుంచి మిమ్మల్ని పద్ధతిగా వెతకడం మొదలుపెట్టాం. ఇంజిన్‌కు కావలసినవి మంట, పెట్రోలు, గాలి. గాలి దారి ఈ బండిలో తెరిచిన పుస్తకం, అక్కడ దాక్కునే చోటు లేదు. మిగిలినవి రెండు. కరెంటు వైపు తప్పుంటే బండి స్విచ్ ఆపినట్టు టక్కున తెగుతుంది, మళ్లీ టక్కున అందుకుంటుంది. పెట్రోలు వైపు తప్పుంటే నెమ్మదిగా నీరసిస్తుంది, కార్బొరేటర్ వెనక్కి దగ్గుతుంది, ప్లగ్గు కొన తెల్లగా పాలిపోతుంది. మీ లక్షణాల్లో ఎక్కువ రెండో రకానివే. అయినా మధ్యమధ్య టక్కున తెగుతూ మీరు కరెంటు వేషం కట్టి మమ్మల్ని చాలాకాలం తిప్పారు. దానికి మీకు సాయపడింది రోటర్. ఈ రోజుల్లో వచ్చే కొన్ని కొత్త రోటర్లలో పైనున్న ఇత్తడి రేకును పట్టి ఉంచే రివెట్ లోపలికి మరీ దిగి ఉంటుంది. వేడెక్కాక స్పార్కు ప్లగ్గుకు పోకుండా ఆ రివెట్ గుండా డెల్కో ఇరుసులోకి ఎర్త్ అయిపోతుంది. మాకు వచ్చిన కొత్త రోటర్ అలాంటిదే. దాన్ని తీసి మా నాన్నగారి కాలపు రోటర్ పెట్టగానే టక్కున తెగడం ఆగింది. నీరసం మాత్రం ఆగలేదు. అంటే మీరు ఒక్కరు కారు, ఇద్దరు. ఒకరి వెనక ఒకరు నిలబడి ఒకరి తప్పును ఒకరి మీద తోశారు.

ఇక పెట్రోలు దారి. ఈ బండికి ట్యాంకు వెనక వీపున ఉంటుంది. దాన్నుంచి సన్నటి గొట్టం చట్రం పొడవునా వచ్చి, ఇంజిన్ వెనక గోడకు బిగించిన ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపులో కలుస్తుంది. ఆ పంపు మాట్లాడుతుంది. తాళం తిప్పగానే టిక్ టిక్ మని కొట్టుకుంటుంది. కార్బొరేటర్ల ఫ్లోట్ గిన్నెలు నిండగానే ఆగిపోతుంది. నడుస్తున్నప్పుడు ఆగి ఆగి ఒక్కో టిక్. ఆ చప్పుడు వినడం నేర్చుకుంటే సగం రోగం తెలిసినట్టే. అసలు చప్పుడే లేకపోతే పంపు పాయింట్లు అతుక్కున్నట్టు. టకటకటకమని ఆగకుండా కొట్టుకుంటుంటే దానికి వెనకనుంచి పెట్రోలు అందడం లేదన్నట్టు.

మీరు ఆ తర్వాత దర్శనమిచ్చిన రోజు బండిని నెమ్మదిగా చావనివ్వలేదు. పుల్లింగ్ పోయిన క్షణంలోనే క్లచ్ తొక్కి, స్విచ్ ఆపి, పక్కకు చేర్చాం. గండిపేట దారిలో, ఒక విల్లాల బోర్డు నీడలో. మళ్లీ స్టార్ట్ చేస్తే సాక్ష్యం చెరిగిపోతుందని ఉస్తాద్ తాళం తన జేబులో వేసుకున్నాడు. ముందు కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నె మూత నట్టు విప్పి చూశాడు. నిండుగా ఉండాల్సిన గిన్నెలో అడుగున కాస్త తడి. తాళం తిప్పితే పంపు టకటకటకమని గోలపెట్టింది. ట్యాంకు మూత తీశాడు. మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు రాదు, మూత తీయగానే ఉస్సుమంటుంది. ఏ శబ్దమూ రాలేదు, కనుక ఆ అనుమానం కొట్టేశాం. పంపు దగ్గర గొట్టం ఊడదీసి, సైకిలు పంపుతో వెనక్కి గాలి కొట్టాడు. మొదట గాలి పోనంది. ఇంకో దెబ్బ కొట్టగానే ట్యాంకులో గుడగుడమని బుడగలు. గొట్టం బిగించి తాళం తిప్పితే పంపు కాసేపు కొట్టుకుని, గిన్నెలు నిండి, ఆగింది. బండి గండిపేట ఎత్తు మూడో గేరులో ఎక్కింది.

"కచరా" అన్నాడు ఉస్తాద్, ఒక్క ముక్కలో.

ట్యాంకు దించి, ఉన్న పెట్రోలు తెల్ల గుడ్డలో వడగడితే మీ కాపురం బయటపడింది. గోరంత గోధుమరంగు పెచ్చులు, తుప్పుపొడి, జిగురు. బండి కదులుతుంటే ఆ పెచ్చులు పీల్పుకు కొట్టుకొచ్చి గొట్టం మూతికి అడ్డంగా అతుక్కుంటాయి. బండి ఆగి పీల్పు పోగానే విడిపోయి అడుక్కి చేరతాయి. కాసేపు నిలబెడితే బాగవడంలో ఉన్న రహస్యం అదే.

ఆ పెచ్చులు ఏడు దశాబ్దాలకు పైగా ట్యాంకు గోడకు అతుక్కుని ఎవరికీ హాని చేయకుండా ఉన్నవే. వాటిని ఊడదీసింది ఎవరో కూడా మీకు తెలుసు, మీ దగ్గరి చుట్టం. పెట్రోలులో ఇథనాల్ కలపడం మన దేశంలో 2022లో 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన ఇ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025కల్లా అదే మామూలు పెట్రోలైంది. ఇథనాల్ మంచి ద్రావకం. పాత జిగురును కరిగిస్తుంది, తుప్పును వదులు చేస్తుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. గాలిలో తేమను పీల్చుకుంటుంది. బండి వానాకాలమంతా షెడ్డులో నిలబడి, ఆ తేమ మోతాదు మించితే, నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, అక్కడ కొత్త తుప్పుకు నారుపోస్తాయి.

ఇంకో ఉపకారం కూడా చేసింది మీ చుట్టం. లీటరు ఇథనాల్‌లో ఉండే వేడి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే మూడో వంతు తక్కువ. అది మండడానికి కావలసిన గాలి కూడా తక్కువ. కొత్త కార్లలో కంప్యూటర్ ఉంటుంది, పొగగొట్టంలోని సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఇంధనం మోతాదు పెంచుకుంటుంది. నా బండి కార్బొరేటర్‌లో ఉన్నది ఒక సూది, ఒక జెట్. 1948లో పెట్టిన కొలతకే అది పోస్తుంది. ఇ20కి సుమారు 7, 8 శాతం ఎక్కువ పోయాలన్న సంగతి దానికి ఎవరు చెబుతారు? మిశ్రమం పల్చబడుతుంది, ప్లగ్గు తెల్లబడుతుంది, ఎత్తు మీద బండి దగ్గుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఇంజిన్ గోడ మీది పంపు కాలిపోతుంటే ఆ పెట్రోలు గొట్టంలోనే ఆవిరి బుడగలు కడుతుంది. అప్పుడు కచరా లేకపోయినా మీరు వస్తారు.

రైతు పండించిన చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి ఇంధనం తీయడాన్ని నేను తప్పుపట్టను. చేవెళ్ల చుట్టుపక్కల మక్కజొన్న వేసే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువొస్తే నాకు సంతోషం. అయితే ఆ రైతు ఎక్కే బండి ఏమిటి? మా వీధికి పాలు తెచ్చే ఆయనది పాత టీవీఎస్ ఎక్సెల్, కార్బొరేటర్ రకం. మొయినాబాద్ నుంచి పూల మూటలు తెచ్చే కుర్రాడిదీ అంతే. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చేదాకా మన ద్విచక్ర వాహనాల్లో చాలావరకు కార్బొరేటర్లవే. పాలాయన బండి కూడా ఎండపూట దగ్గుతోందనీ, కార్బొరేటర్ కడిగించడానికి ఊరికే డబ్బులు పోతున్నాయనీ మొన్న చెప్పాడు. నా బండి ఆగితే ఒక ఉదయం పోతుంది. ఆయన బండి ఆగితే క్యాన్లలో పాలు విరుగుతాయి. నా ఒక్కడి గొడవైతే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాను.

కనుక తమరికి తెలియజేయునదేమనగా: ట్యాంకును కిరసనాయిలు, ఇనుప గొలుసు వేసి కడిగించి ఆరబెట్టించాం. రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాం. పంపుకు ముందు గాజు ఫిల్టర్ బిగించాం, అందులో మీరు అడుగుపెట్టినా బయటికి కనిపిస్తారు. రెండు కార్బొరేటర్ల జెట్‌లనూ ఉస్తాద్ తన చేత్తో కాస్త దించి మిశ్రమం చిక్కబరిచాడు. ఒక్కొక్కటీ విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో గండిపేట ఎత్తు ఎక్కి చూసుకుని మరీ. మీరు ఇంకెక్కడైనా మిగిలి ఉంటే సామాను సర్దుకోండి. వెళ్లేముందు ఉస్తాద్‌కు క్షమాపణ చెప్పండి, ఆయన పేరు చెడగొట్టింది మీరే.

ఇట్లు,
మీరు ఇన్నాళ్లు ఉన్న ఇంటి యజమాని.

నకలు: దేశంలోని పెట్రోలియం కంపెనీల వారికి.

అయ్యా, 2021లో బ్రిటన్ 10 శాతం ఇథనాల్ పెట్రోలుకు మారినప్పుడు పాత బండ్ల కోసం 5 శాతం రకాన్ని పెద్ద బంకుల్లో ఉంచింది. అదే ఏడాది మన నీతి ఆయోగ్ నివేదిక కూడా పాత బండ్లకు 10 శాతం రకం అందుబాటులో ఉండాలని సూచించింది. 10 శాతానికి సరిచేసిన కార్లలోనూ ఇ20 వాడితే మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని అదే నివేదికలో ఉంది. పాత బండ్లకు 10 శాతం రకం ఉంచాలన్న ఆ సూచనను అమలు చేయండి. ప్రతి పంపు మీద అందులో ఇథనాల్ ఎంత శాతమో తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించండి. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్‌లలో ఒక్కో బంకులో ఒక్క పంపు 10 శాతం పెట్రోలుకు కేటాయించండి.